ముప్పై నాలుగు కాగితాలు

ఎర్రమిట్ట, సూళ్లూరుపేట దగ్గర
24 ఏప్రిల్ 2025

వదినా,

క్షేమంగా చేరాను. కుట్టుమిషన్ కూడా చేరింది, పెడలు కొంచెం వంకరపోయింది. మన మునిప్రసాద్ జీపు నడిపాడో ఎద్దులబండి తోలాడో నాకు ఇంకా అర్థం కాలేదు. నాయుడుపేట దాటాక ఒక లారీ వెనకాలే గంటసేపు పోయాడు. "దాటరా" అంటే, "ఆయప్ప ముందర పోతాండాడు కదక్కా, తొందరేముండాది" అన్నాడు. రాతి క్వారీలో పుట్టి పెరిగినవాడికి ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో.

నువ్వు నాకు కల్పించిన కథ బాగా పనిచేస్తోంది. పెళ్లే చేసుకోని దానికి ఒక తాగుబోతు మొగుణ్ణి అంటగట్టావు. వాడి దెబ్బలు పడలేక పారిపోయి వచ్చిన టైలరమ్మనని చెప్పుకున్నాను. ఆడవాళ్లు జాలిపడి వంకాయలు, మునక్కాయలు తెచ్చి ఇస్తున్నారు. లేని మొగుడి పుణ్యమా అని కూరలు కొనే పని తప్పింది. మా అన్న పాల్ ఉన్నప్పుడు వెట్టివాళ్లను విడిపించే ఇలాంటి పనులకు తనే వెళ్లేవాడు. అన్న పోయి ఆరేళ్లు, నీకేమో మోకాళ్లు, ఇక మిగిలింది నేను.

ఇటుక బట్టీ ఊరికి అర మైలు దూరం. యజమాని కృష్ణమూర్తి మంచి మాటకారి. ఆయన భార్య చంద్రకాంతమ్మ మొదటి రోజే రెండు రవికలు కుట్టమంది, కొలతల వంకతో లోపలికి పోయి చూసి వచ్చాను. పదకొండు యానాది కుటుంబాలు, అందరూ మన చిత్తూరు వైపు వాళ్లే. నాలుగేళ్ల కిందట అడ్వాన్సు ఇచ్చి తెచ్చాడు. అది ఇంకా తీరలేదంటాడు, ఎంత మిగిలిందో మాత్రం చెప్పడు. ఆధార్ కార్డులు, రేషన్ కార్డులు ఆయన బీరువాలో ఉన్నాయి. బట్టీకి గోడ లేదు, కాపలా లేదు. ఒక పద్ధతి మాత్రం ఉంది. మొగుడు సంతకు పోతే పెళ్లాం బట్టీలో ఉండాలి, పెళ్లాం ఆస్పత్రికి పోతే మొగుడు ఉండాలి. ఇంతకంటే గట్టి గోడ ఎవరు కట్టగలరు?

కుప్పయ్య అని ఒకతను, భార్య చెంచమ్మ. ఆమె చిరిగిన చీర తెచ్చి నా గుమ్మంలో కూర్చుని, "మీ ఆయప్ప శానా కొట్టేవాడామ్మా" అని నన్నే ఓదార్చింది. "నాకా బాధ లేదు. మేమిద్దరం కల్సి యాడికన్నా పోయి నాలుగేండ్లాయ. కల్సి ఒక బస్సెక్కల్లని ఉండాది, అంతే" అంది. సూదిలో దారం ఎక్కించడం నా వల్ల కాలేదు వదినా.

కాశ్మీరులో ఆ ఘోరం జరిగినప్పటి నుంచి ఇక్కడ టీ అంగడి దగ్గర అందరూ మిలిటరీ జనరల్స్ అయిపోయారు. యుద్ధం వస్తుందంటున్నారు. అంతకు ముందే మన పని కానివ్వు.

నీ ఆడబిడ్డ,
కృప

తిరుపతి
28 ఏప్రిల్ 2025

కృపా,

నీ ఉత్తరం అందింది. ఆ తాగుబోతు మొగుడికి ఒక పేరు కూడా పెట్టుకో, ఎవరైనా అడిగితే తడబడతావు. అబద్ధం ఆడటంలో నువ్వు చిన్నప్పటి నుంచీ మొద్దువే.

ఫోను మాత్రం ముట్టుకోవద్దు. రెండేళ్ల కిందట క్వారీ మీదికి పోయిన రోజు ఫోనులో ఒక్క మాట జారినందుకు సగం మంది కనిపించకుండా పోయారు. అప్పటి కట్టుబాటే ఇప్పుడూ. బట్టీ ఎక్కడో ముగ్గురికే తెలియాలి: ఊళ్లో ఉండే నీకు, ఆఫీసు మెట్లెక్కే నాకు, బండి నడిపే మునిప్రసాద్‌కు. సర్కారు ఆఫీసరుకు తేదీ చెప్తాను. చోటు చెప్పేది బండి బయలుదేరే పొద్దున్నే. ఉత్తరాలు ఇక్కడి బస్టాండులో పార్సిలు వేస్తాను, నువ్వు సూళ్లూరుపేటలో తీసుకో.

ఇక్కడ సంగతి అంత బాగాలేదు. క్వారీ నుంచి తెచ్చుకున్న మన ముప్పై నలుగురికీ ఇంకా విడుదల పత్రాలు రాలేదు. అప్పు రద్దయిపోయిందని చట్టం అంటుంది. కాని ఆఫీసరు సంతకం ఉన్న కాగితం లేనిదే ఏ స్టేషనులోనూ మన మాట వినరు. మొన్న ఆదివారం క్వారీ మనుషులు మనవాళ్లు ఉంటున్న చర్చి వెనక షెడ్ల దాకా వచ్చేశారు. ఆడవాళ్లు లాడ్జీల దుప్పట్లు ఉతికి ఆరేస్తున్నారు. పిల్లలు పోయి ఆ దుప్పట్ల మధ్య దాక్కున్నారు. మునిప్రసాద్ ఒక్కడే వాళ్ల ముందుకు పోయి నిలబడ్డాడు. వాడూ ఆ ముప్పై నలుగురిలో ఒకడే కదా, ముందు వాణ్ణే ఎత్తుకుపోతారనుకున్నాను. చర్చిలో నుంచి జనం బయటికి రావడంతో వెళ్లిపోయారు. మళ్లీ వస్తామని చెప్పి మరీ వెళ్లారు.

శుక్రవారం నాలుగోసారి ఆ మెట్లు ఎక్కాను. పై అంతస్తులో ఆఫీసు పెట్టినవాడికి మోకాళ్ల నొప్పి రావాలని ప్రార్థన చేయకూడదు, తెలుసు. తేదీ త్వరలో రాస్తాను. వేళకు తిను.

ప్రభువు కాపుదలలో ఉండు,
వదిన

ఎర్రమిట్ట
3 మే 2025

వదినా,

షెడ్ల సంగతి చదివాక రెండు రోజులు కుట్టు సరిగా పడలేదు. చంద్రకాంతమ్మ రవికకు ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు అయింది. ఆమె కోప్పడలేదు. "మీ ఆయన గుర్తొచ్చినాడా" అంది. ఆయన పేరు ఆనందరావు అని చెప్పాను.

నన్ను తిట్టకు. కుప్పయ్యకు, చెంచమ్మకు నేనెవరో చెప్పేశాను. చెప్పకపోతే ఆ పొద్దున ఎవరూ జీపు ఎక్కరు. కుప్పయ్య లేచి గుమ్మం బయటికి ఒకసారి చూసి వచ్చాడు. తరువాత, "ముందర ఒక సారు వచ్చినాడమ్మా. ఫోటోలు తీసుకున్నాడు, పోయినాడు. ఆ తర్వాత మా తమ్ముణ్ణి కొట్టినారు. నువ్వూ అట్లే పోతావా?" అని అడిగాడు. పోనని చెప్పాను. మా వదిన ఒక మాట అన్నదంటే జరిగి తీరుతుందని నీ పేరు మీద ఒట్టేశాను. నా పేరు మీద వేస్తే నాకే నమ్మకం చాలలేదు మరి.

కుప్పయ్య మిగిలిన పది కుటుంబాల పెద్దలతోనూ మాట్లాడాడు. అందరూ సరేనన్నారు. ఇప్పుడు వాళ్లంతా నీ మాట మీద నిలబడి ఉన్నారు. వానలు పడితే బట్టీ ఆగిపోతుంది. ఆ తరువాత వాళ్లను ఎక్కడికి తోలుకుపోతారో ఎవరికీ తెలియదు. తేదీ పంపు.

కృప

తిరుపతి
5 మే 2025

కృపా,

పదో తేదీ, శనివారం. పొద్దున ఎనిమిదికల్లా అక్కడ ఉంటాం. మునిప్రసాద్ జీపు, ఆఫీసు బండి, రెండు బస్సులు. ఆఫీసరు ఒప్పుకున్నాడు.

నువ్వు అందరితో చెప్పేయడం తొందరపాటే. నా పేరు మీద ఒట్టేయడం ఇంకా పెద్ద తొందరపాటు. నేను మనిషినే కదా. సరే, వేసేశావు.

మామిడికాయ ఊరగాయ పెట్టాను. నీ వాటా సీసాలో ఉంది.

వదిన

ఎర్రమిట్ట
8 మే 2025

వదినా,

యుద్ధం వచ్చేసింది. నిన్న పొద్దున్నుంచి ఊరంతా టీవీల ముందే ఉంది. పక్కింటి మునివెంకటప్పగారి కొడుకు జమ్మూలో సిపాయి. ఆయన అన్నం ముట్టడం లేదు. వాళ్లింట్లో కూర్చుని ప్రార్థన చేశాను. ఆయన కొండ మీది స్వామికి మొక్కుకున్నాడు, నేను యేసుకు. ఎవరు విన్నా ఆ పిల్లవాడు బాగుంటే చాలు.

రాకెట్లు ఎగరేసే చోటు మనకు దగ్గరే కాబట్టి విమానాలు ముందు ఇక్కడికే వస్తాయని ఎవడో పుట్టించాడు. బట్టీ మంట ఆకాశం నుంచి కనిపిస్తుంది, ఆర్పేయాలని పదిమంది కృష్ణమూర్తి ఇంటి మీదికి పోయారు. "ఇప్పుడు ఆర్పితే కాలే ఇటికంతా పాడైపోతాది. పాకిస్తానోడికి నా బట్టీ తప్ప ఇంగేం పని లేదా?" అని ఆయన వాదన. చివరికి బట్టీ మీద నాలుగు రేకులు కప్పించి ఊరికి సర్దిచెప్పాడు. తరువాత బట్టీలో జెండా పాతించాడు. కూలీలందరినీ వరసగా నిలబెట్టి జై కొట్టించి, వీడియో తీసి, "మా కార్మిక సోదరుల దేశభక్తి" అని అందరికీ పంపాడు. నాకూ వచ్చింది. చెంచమ్మ బంకమట్టి చేత్తోనే సెల్యూట్ చేస్తోంది. ఆమె నిజంగానే చేసింది వదినా, ఆమెకూ దేశం ఉంది. ఆ దేశం ఇచ్చిన కార్డు మాత్రం కృష్ణమూర్తి బీరువాలో ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

అందరూ మూటలు కట్టకుండానే సిద్ధంగా ఉన్నారు. మూట కడితే తెలిసిపోతుందని కుప్పయ్య వద్దన్నాడు. ఎల్లుండి ఏది ఆగినా ఇది ఆగకూడదు.

కృప

తిరుపతి
9 మే 2025

కృపా,

ఇది అందగానే అందరికీ చెప్పు, రేపు కాదు. పదిహేడో తేదీ శనివారం. పోలీసులంతా యుద్ధం డ్యూటీల్లో ఉన్నారు, బందోబస్తు ఇవ్వలేమని ఆఫీసరు అన్నాడు. నిన్న చాలాసేపు కూర్చుని మాట్లాడాను. మంచిగానే మాట్లాడాడు. వారంలో మునిగిపోయేదేమీ లేదు, వాళ్లకు సర్దిచెప్పు.

మునివెంకటప్పగారి అబ్బాయి కోసం ఇక్కడ కూడా ప్రార్థన చేస్తున్నాం. బస్సు వేళ అయింది.

వదిన

ఎర్రమిట్ట
12 మే 2025

వదినా,

బట్టీ ఖాళీ.

తొమ్మిదో తేదీ సాయంత్రం నీ ఉత్తరం తీసుకుని వచ్చి కుప్పయ్యకు చెప్పాను. "సరేలేమ్మా, నాలుగేండ్లు ఉన్న్యాం, వారం ఉండలేమా" అన్నాడు. శనివారం తెల్లవారి పాలకు పోతుంటే బట్టీ పొగ కనిపించింది, మనుషులు కనిపించలేదు. పరిగెత్తాను. కోసిన పచ్చి ఇటుకలు వరస సగంలో ఆగిపోయి ఉన్నాయి. గుడిసెల్లో చాపలు పోయాయి, పొయ్యి మీద కుండలు అలాగే ఉన్నాయి. రెండు లారీలు వచ్చాయని పాలవాడు చెప్పాడు. చంద్రకాంతమ్మను అడిగితే, "నీళ్లు సాలడంల్యా, లెక్క తేల్చి పంపించేసినాము" అని చెప్పి, కుట్టడానికి ఇచ్చిన గుడ్డ వెనక్కి అడిగింది.

అంతలో కృష్ణమూర్తి అరుగు మీదికి వచ్చాడు. నవ్వుతూ, "ఏం టైలరమ్మా, తిరుపతిలో మీ వదినకు మోకాళ్ల నొప్పులు తగ్గినాయా?" అన్నాడు.

ఆయనకు నువ్వు తెలుసు, నేను తెలుసు, నీ మోకాళ్లు కూడా తెలుసు. నీ మోకాళ్ల సంగతి కుప్పయ్య వాళ్లకు కూడా నేను చెప్పలేదు, మన వాళ్లు ఎవరో కూర్చుని తీరిగ్గా చెప్తేనే ఇవన్నీ తెలుస్తాయి.

ఈ బట్టీ ఏదో ముగ్గురికే తెలుసు. నేను చెప్పలేదు. నువ్వు ప్రాణం పోయినా చెప్పవు. ఇక మిగిలింది మునిప్రసాద్. ఆ పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు, కాని ఎటు నుంచి లెక్క వేసినా వాడే వస్తున్నాడు. వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని అడుగు. పదకొండు కుటుంబాలు వదినా. అందరితోనూ నీ పేరే చెప్పాను.

కృప

తిరుపతి
15 మే 2025

కృపా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. యుద్ధం ఆగినందుకు సంతోషించాలో, ఇందుకు ఏడవాలో తెలియడం లేదు. మునివెంకటప్పగారి అబ్బాయి బాగున్నాడా?

మునిప్రసాద్ గురించి అలా రాయకు. వాడి మీద నాకు నమ్మకం ఉంది. ఎక్కడ బయటపడిందో ఇప్పుడు తవ్వుకుంటే ఏమొస్తుంది? మనలో మనం విరిగిపోతాం. లారీలు ఎటు పోయాయో కనుక్కోవడం ముఖ్యం. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. దుప్పట్లు గంటలో ఆరిపోతున్నాయని ఆడవాళ్లకు సంతోషం. వేసవి రద్దీకి లాడ్జీలన్నీ నిండిపోయాయి, చేతినిండా పని.

వాణ్ణి జీపుతో పంపుతున్నాను. మిషన్ ఎక్కించుకుని వచ్చేయి. ఒక మంచి వార్త కూడా ఉంది. ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్తాను.

వదిన

ఎర్రమిట్ట
20 మే 2025

వదినా,

నిన్న మునిప్రసాద్ వచ్చాడు. జీపు దిగగానే చొక్కా లోపల నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. "అక్కా, అందరికన్నా ముందు నీకే సూపించల్లని ఎత్తుకోనొచ్చినా" అన్నాడు. విడుదల పత్రం. వాడి పేరు, వాడి ఫోటో, ఆఫీసరు సంతకం, సీలు. తేదీ చూశాను. మే తొమ్మిది.

రెండేళ్లు చెప్పులరిగేలా తిరిగితే రాని కాగితం, యుద్ధం నడుస్తుంటే, పోలీసులకు ఊపిరి ఆడని రోజున, మన వాళ్లు మాయమయ్యే ముందు రోజున వాడికి వచ్చింది. ఇంకేం తేల్చాలి?

"ఎంతమందిని అమ్మి తెచ్చుకున్నావురా ఇది" అని అడిగాను. వాడికి ముందు అర్థం కాలేదు, నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు చూసి నాకు పూనకం వచ్చినట్టయింది. వీధి వీధంతా వినేలా తిట్టాను. నిన్ను ఆ క్వారీలోనే వదిలేసి ఉండాల్సింది అన్నాను. అవును, ఆ మాటే అన్నాను. వాడు ఎదురు చెప్పలేదు. జీపు తాళాలు మిషన్ మీద పెట్టి, "ఈ కాయితం నాకొక్కడికే రాలేదక్కా. ముప్పై నలుగురికీ వచ్చింది. మీ వదినమ్మే తెచ్చి ఇచ్చింది. నాకు ఇంతే తెల్సు" అని చెప్పి రైలు స్టేషను వైపు నడిచి వెళ్లిపోయాడు.

తప్పు చేసినవాడు తడుముకోకుండా అబద్ధం కూడా చెప్పగలడని నిన్న చూశాను. ముప్పై నలుగురికీ కాగితాలు వస్తే నువ్వు నాకు రాయకుండా ఉంటావా? ఆ కాగితాల కోసం మనిద్దరం ఎన్నిసార్లు ఏడ్చాం! అంత పెద్ద సంగతి నాకు చెప్పకుండా నీకు ముద్ద దిగుతుందా?

అయినా రాత్రంతా నిద్ర పట్టలేదు. వాడు చెప్పింది అబద్ధమని ఒక్క ముక్క రాయి. నేను రావడం లేదు. చెంచమ్మ వాళ్ల జాడ తెలిసేదాకా ఇక్కడే ఉంటాను.

కృప

చిత్తూరు
27 మే 2025

కృపా,

వాడు చెప్పింది నిజం.

మా చెల్లెలు జెస్సీ ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. తిరుపతిలో ఆ షెడ్ల ఎదురుగా కూర్చుని రాయలేకపోయాను.

ఎనిమిదో తేదీ ఆ మెట్లన్నీ ఎక్కి పోయాను. ఆయాసపడుతుంటే ఆఫీసరు కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించి, మోకాళ్ల గురించి అడిగాడు. తరువాత, "బందోబస్తు లేదమ్మా. ఇట్లాంటి టైములో మన దగ్గర వెట్టి మనుషులు ఉండారని పేపర్లో పడితే ఎంత అప్రతిష్ట" అన్నాడు. నేను వాదించాను, దేవుడికి తెలుసు. అప్పుడు అల్మారాలో నుంచి మన ముప్పై నలుగురి ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. రెండేళ్లుగా కనిపించలేదన్న ఫైలు అది. "ఇవి రేపే సంతకం చేసి ఇస్తా. మీరు తేదీ వాయిదా వేసుకోండి. ఆ బట్టీ ఎవరిదో చెప్పండి, యుద్ధం అయినాక నేనే చూసుకుంటా. ఆడ మీ మనిషి ఎవరన్నా ఉండారా?" అన్నాడు.

చెప్పాను. కృష్ణమూర్తి పేరు చెప్పాను. మా ఆడబిడ్డ టైలరుగా ఉందని చెప్పాను.

ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలియదని రాయాలని మూడు కాగితాలు చింపేశాను. తెలుసు. కడుపులో ఎక్కడో తెలుసు. కాని ఆ పదకొండు కుటుంబాలను నేను చూడలేదు కృపా. ఈ ముప్పై నలుగురిని రోజూ చూస్తాను. పిల్లలు దుప్పట్ల మధ్య దాక్కోవడం చూశాను. ఆ ఫైలు మళ్లీ అల్మారాలోకి పోతుందేమోనని భయపడ్డాను. నా కళ్లెదుట ఉన్నవాళ్లను కాపాడుకున్నాను, కనపడని వాళ్లను ఇచ్చేశాను. ఇంతకంటే మంచిగా చెప్పుకోవడానికి నాకేమీ లేదు.

అంతకన్నా పెద్ద తప్పు ఆ తరువాతది. నీ పన్నెండో తేదీ ఉత్తరం చదవగానే నిజం రాయాల్సింది. నువ్వు ప్రాణం పోయినా చెప్పవు అని రాశావు. ఆ మాట చదివాక రాయలేకపోయాను. నీ కళ్లలో పడిపోతానని భయపడి మునిప్రసాద్‌ను అడ్డం పెట్టుకున్నాను. నువ్వు వాణ్ణి తిట్టావు, కాని ఆ తిట్టు వాడి మీదికి పంపింది నేనే. వాడికి ఏమీ తెలియదు.

ఒకటే అడుగుతాను. ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు. నా పరువు కోసం కాదు, అది ఎలాగూ పోయింది. ఆ కాగితాలు బేరం మీద వచ్చాయని బయటపడితే ముప్పై నాలుగూ రద్దు చేయిస్తారు. క్వారీవాడు దానికోసమే కాచుకుని ఉన్నాడు. నా మీద కోపంతో వాళ్ల బతుకు తీయకు.

మన ఆఫీసు తాళాలు చర్చి పాస్టరమ్మ దగ్గర పెట్టాను. నన్ను వదినా అని పిలవాలో వద్దో నీ ఇష్టం.

స్టెల్లా

తిరుపతి
14 జూన్ 2025

స్టెల్లా గారికి,

మీ ఉత్తరం అందిన మరునాడు జీపు నేనే నడుపుకుంటూ తిరుపతి వచ్చాను. మునిప్రసాద్ షెడ్ల వెనక దుప్పట్లు పిండుతున్నాడు. కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు. "సర్లే అక్కా" అన్నాడు. ఆ మాటతో అయిపోలేదని ఇద్దరికీ తెలుసు. ఇంతకుముందు నాతో మాట్లాడినట్టు వాడు ఇంకా మాట్లాడటం లేదు. మాట్లాడమని అడిగే మొహం నాకు లేదు.

అయినా చెంచమ్మ వాళ్లను వెతకడానికి వచ్చాడు. తడ దగ్గర లారీవాళ్లను ఒక్కొక్కరినీ అడిగి, ఎనిమిది రోజుల్లో జాడ తీశాడు. కుటుంబాలను విడగొట్టేశారు. మగవాళ్లు సముద్రం పక్క రొయ్యల గుంటల్లో ఉన్నారు. ఆడవాళ్లు అరవ వైపు ఇంకొక బట్టీలో ఉన్నారు. ఇప్పుడు ఒకరు పోతే ఒకరు ఉండాలన్న పద్ధతి కూడా అక్కర్లేదు, ఒకరి కోసం ఒకరు ఎక్కడికీ పోలేరు. కంచె అవతల నుంచి చెంచమ్మ నన్ను గుర్తుపట్టింది. "మీ వదిన వస్తాదని సూస్తా ఉండామమ్మా" అంది. ఎగతాళి కాదు. ఆమె ఇంకా నమ్ముతూనే ఉంది. నేను ఆమెకు నిజం చెప్పలేదు. నా ఉత్తరం చదివాక మీరు నిజం ఎందుకు రాయలేకపోయారో ఆ ఒక్క నిమిషంలో నాకు తెలిసింది. తెలిసినా కోపం తగ్గలేదు.

చిత్తూరు వకీలు చక్రధర్‌ను కలిశాను. కూలీలు తమంతట తామే వెళ్లిపోయారని కృష్ణమూర్తి కాగితాలు పుట్టించాడట, వేలిముద్రలతో సహా. వాళ్లను విడిపించే ఏర్పాటు జరిగిందనీ, అది తెలిసే రాత్రికి రాత్రి తరలించారనీ చూపిస్తేనే కోర్టు కదులుతుందన్నాడు. చూపించడానికి లోకంలో ఉన్నది ఒకటే కాగితం, మీ ఉత్తరం. అది పెడితే ముప్పై నాలుగు పత్రాలకూ ముప్పు రావచ్చని కూడా ఆయన దాచలేదు. కాపాడటానికి చూస్తాను, మాట మాత్రం ఇవ్వలేనన్నాడు.

మీరు చెప్పింది నిజమే, అవి వాళ్ల బతుకులు. అందుకే వాళ్లనే అడిగాను. ఆదివారం ఆరాధన అయ్యాక ముప్పై నలుగురినీ చర్చి హాల్లో కూర్చోబెట్టి, మీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివాను. నా తిట్లు కూడా చెప్పాను. చక్రధర్ అన్నది ఉన్నదున్నట్టు చెప్పాను. మునిప్రసాద్ లేచాడు. "ఆ కాయితం నా పేరు మింద ఉండాది. దాని కోసరం వాళ్లని ఇడిసిపెడదామా అని ఆ పొద్దు నన్ను అడిగింటే, వొద్దనేవాణ్ణో సరే అనేవాణ్ణో నాకే తెలీదు. క్వారీ అంటే నాకు ఇప్పుడు గూడా బయమే. కానీ అడగల్యా. నువ్వు అడిగినావు కాబట్టి చెప్తాండా. కోర్టులో పెట్టక్కా" అన్నాడు.

ఇరవై ఆరు చేతులు లేచాయి. ఎనిమిది లేవలేదు. లేవనివాళ్లలో ఇద్దరు చంటిబిడ్డల తల్లులు. వాళ్లను నేను ఒక్క మాట కూడా అనను, ఎవరినీ అననివ్వను. ఆ ఎనిమిది మందినీ నేను ఓడించాను. వాళ్లకు ఏమైనా అయితే ఆ బరువు నాదే. అది తెలిసే ఈ పని చేస్తున్నాను.

నిన్న సంతకం పెట్టి ఉత్తరం చక్రధర్ చేతికి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు మీ రాత చూసి చెయ్యి ఆగింది. నాకు అక్షరాలు దిద్దించింది ఆ చెయ్యే వదినా. మా అన్నను పెళ్లాడి మా ఇంటికి వచ్చిన కొత్తలో నన్ను వంటింటి గడప మీద కూర్చోబెట్టుకుని దిద్దించావు. నీ మీద వేసిన ఒట్టు ఇంతవరకూ ఎప్పుడూ తప్పలేదు. ఆ ఆఫీసరు మోసం చేస్తే నాకు ఆశ్చర్యం లేదు, కృష్ణమూర్తి మోసం చేయడమే పనిగా పెట్టుకున్నవాడు. నువ్వు చేశావు. దీన్ని ఎలా మోయాలో నాకు తెలియడం లేదు.

కోర్టు నోటీసు ఈ వారంలో జెస్సీ ఇంటికి వస్తుంది. సాక్షుల్లో నీ పేరు మొదట ఉంటుంది. ఆ కవరు చేతికొచ్చి గుమ్మంలో నువ్వు నిలువునా కూలిపోకముందే సంగతి తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు ఎవరూ ముందుగా రాయలేదు.

కృపామణి